కింద కోసేసిన బొమ్మ

చర్చిలో ఆదివారం ఆరాధన ముగించుకుని సువార్తమ్మా, కూతురు సుగుణా ఇంటికొచ్చేసరికే అరుగు మీద ఎనిమిదిమంది కుర్రాళ్ళు చాపలేసుకుని కూర్చున్నారు. అందరూ కోనసీమ పల్లెల నుంచి పత్రికలకు వార్తలు పంపేవాళ్ళే. హైదరాబాదులో జర్నలిజం చదివొచ్చి అమలాపురం వారపత్రికలో చేరిన సుగుణ, అంకెల్ని బొమ్మలుగా ఎలా వెయ్యాలో వాళ్ళకి నేర్పుతోంది. 1984లో అక్కడ అదో వింత మరి!

ఆ రోజు నల్లబల్లకి తను వేసిన బొమ్మే అతికించింది. మూడు వారాల కిందట పత్రికలో అచ్చయిన బొమ్మ అది. నాలుగు బళ్ళ పదోతరగతి ఫలితాలు, నాలుగు నిలువు పట్టీలు.

"చూశారా, ఒక పేరా నిండా రాసే వార్త ఒక్క చూపులో తెలిసిపోతుంది!" అంది గర్వంగా.

వంటింట్లోంచి సువార్తమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. బొమ్మ అచ్చయిన నాటి నుంచి కూతురితో సరిగ్గా మాట్లాడని మనిషి, ఇంతమంది ముందు నోరు విప్పింది.

"అందులో పొట్టిది మా అన్నయ్య బడే కదే? మీ మావయ్య రాజీనామా రాసేసేడంట. రేపు పొద్దున్నే బడి కమిటీకి ఇచ్చేస్తాడంట. వదిన కబురంపింది."

 కొత్తపేటలో హెడ్మాస్టరు చేసే ఏసుపాదం మావయ్యే తనకి అక్షరాలు దిద్దించాడు. ఆడపిల్లకి పేపరు ఉద్యోగమేమిటని చుట్టాలంతా ఎగిరితే అడ్డం నిలబడిందీ ఆయనే.

"అంకెలన్నీ నిజమేనే అమ్మా! యాభైనాలుగని పక్కనే రాశాను కూడా!"

"అంకె ఎవరు చూసేరే? పక్క బడి కొబ్బరిచెట్టంత, మా అన్నయ్యది గడపంత! నూటికి యాభైనాలుగు మంది గట్టెక్కితే, అందులో యాభైమందీ ఏరీ?"

"చోటు చాలక కింద యాభై దాకా తీసేసి, అక్కణ్ణుంచి మొదలెట్టాను."

"బావుందే! పిల్లల పొడుగు చూడాలంటే కాళ్ళ దగ్గర్నుంచి కొలుస్తారా, నడుం దగ్గర్నుంచా?"

 తాతాజీ అనే కుర్రాడు నెమ్మదిగా అన్నాడు. "ఏమనుకోకండి మేడం గారూ, అమ్మగారు చెప్పింది రైటేనండి."

సుగుణకి ముందు ఒళ్ళు మండింది. బొమ్మ వంక మళ్ళీ చూసేసరికి తప్పు తెలిసొచ్చింది. పక్క బడి అరవైఎనిమిదికీ, మావయ్య బడి యాభైనాలుగుకీ మధ్య తను నాలుగున్నర రెట్ల తేడా చూపించింది! కొత్త కాగితం పరిచి, స్కేలు తీసుకుని, సున్నా దగ్గర్నుంచి మళ్ళీ గీసింది. ఈసారి మావయ్య బడి అన్న భుజానికొచ్చిన తమ్ముడిలా నిలబడింది. కాగితం చుట్టి కొత్తపేట బస్సెక్కేసింది.

ఇంటి ముందు వీధిలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఏసుపాదం మాస్టారు, "రామ్మా, భోంచేసేవా?" అన్నారు. సుగుణ కాగితం చుట్ట విప్పి ఆయన ఒళ్ళో పరిచింది.

"నేను తప్పు వేశాను మావయ్యా. ఇదీ అసలు బొమ్మ."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినోణ్ణమ్మా. ఆ అంకె నాకు ముందే తెలుసు. అయినా నువ్వేసిన బొమ్మ చూసి, నా బతుకింతేనని నేనే నమ్మేసేను."

సుగుణ ఆయన కాళ్ళ దగ్గర కూలబడి భోరుమంది.

"ఊరుకో, ఊరుకో. వెనకబడ్డ మాట నిజమే. ఈ తేడా అయితే పని చేసి పూడ్చుకోవచ్చు." జేబులోంచి మడతపెట్టిన రాజీనామా కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు. "మీ కుర్రాళ్ళకి రెండు బొమ్మలూ చూపించి పాఠం చెప్పు. పత్రికలో మాత్రం ఒప్పుకోకమ్మా, కొత్త ఉద్యోగం, చులకనైపోతావు."

"ఒప్పుకుంటాను మావయ్యా. సరైన బొమ్మ వేసి, ముందుది తప్పని కింద నా పేరుతోనే రాస్తాను."

మాస్టారు కండువాతో ముందు మేనకోడలి కళ్ళు, తర్వాత తన కళ్ళు తుడుచుకున్నారు. "ఆయ్, అలాగే కానీ. అచ్చుకి ముందు నాకోసారి చూపించు. స్కేలు పెట్టి కొలుస్తాను."