కంచం తిప్పని ఆర్విన్

"మా అమ్మ ఉన్నన్నాళ్ళూ అద్దెకున్నవాడిలా ఉండు నెస్టర్, ప్లీజ్" అన్నాడు ఆర్విన్, నా దిండు మేడ మీద గదికి మోసుకెళుతూ.

"అద్దె కూడా కట్టాలా?"

"జోకులొద్దు. అమ్మ బస్సు దిగేసింది!"

మరికినాలో చెప్పుల కార్ఖానా వెనక మాది నలుగురి ఇల్లు. కాగితాల మీద ఆర్విన్, మరివిక్ మొగుడూ పెళ్ళాలు. పెళ్ళి పెళ్ళి అని రెండు వైపుల వాళ్ళూ ప్రాణం తీస్తుంటే, స్నేహితులిద్దరూ చర్చికెళ్ళి ఆ గొడవ వదిలించుకున్నారు. మరివిక్ ప్రాణం బడెట్. నేను ఆర్విన్ ప్రాణమట. ఆ ముక్క గదిలో చెబుతాడు, గుమ్మం దాటితే చెప్పడు. మూడేళ్ళుగా ఇదే వరస.

సొర్సొగాన్ నుంచి ఎండుచేపల మూటతో, తడిసిన శాలువాతో దిగింది సియోనింగమ్మ. ఆవిడ చెయ్యి చాపితే ఆర్విన్, మరివిక్ దాన్ని నుదుటికి ఆనించుకున్నారు. మా దగ్గర ఇంటి పిల్లలు పెద్దల దీవెన తీసుకునేది అలాగే. 'మరివిక్ చెల్లెలి వరస' అయిపోయిన బడెట్ కూడా ఆనించుకుంది. నేను వంగేలోపు ఆ చెయ్యి కాస్తా మూట విప్పడానికి వెళ్ళిపోయింది.

"ఇతనెవరు?"

"పై గదిలో అద్దెకుంటాడమ్మా."

ఆవిడ శాలువా ఆరేసుకోవడానికి పైకి వెళ్ళి, చాలాసేపటికి దిగింది. అంతసేపూ నాకు కాలు నిలవలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి వాన చూశాను, మళ్ళీ వచ్చాను, మళ్ళీ వెళ్ళాను.

"కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? కూర్చో" అని బడెట్ కసిరింది.

భోజనాల దగ్గర సియోనింగమ్మ నన్నే చూస్తూ, "నీకింకా పెళ్ళి కాలేదా బాబూ?" అంది.

నేను నోరు తెరిచేలోపే ఆర్విన్ అందుకున్నాడు. "వాడికేం తొందరమ్మా! ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట. అద్దె మనిషే కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి వెళ్ళి రెండు చొక్కాలు సంచిలో కుక్కుకుని వచ్చాను.

"బటాంగస్‌లో మా అక్క దగ్గరికి పోతున్నా. ఈ గది ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

భోజనం మధ్యలో ఎవరైనా ప్రయాణమైతే మిగిలినవాళ్ళు తమ కంచాలు ఒక చుట్టు తిప్పాలి. అప్పుడే వెళ్ళినవాడు క్షేమంగా చేరతాడు. మరివిక్ తిప్పింది. బడెట్ ముక్కు ఎగబీలుస్తూ తిప్పింది. ఆర్విన్ మాత్రం తన కంచాన్ని రెండు చేతులతో బల్లకేసి అదిమి పట్టుకున్నాడు.

"తిప్పరా! వానలో వెళుతున్నాడు, దారిలో ఏమన్నా అయితే?" అంది మరివిక్.

"తిప్పను. తిప్పితే వెళ్ళిపోతాడు." వాడు తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, వీడు అద్దె మనిషి కాదు. నేను ప్రేమించినవాడు. వీడు లేకపోతే నాకు ఇల్లే లేదు. నన్ను తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. వీణ్ణి మాత్రం ఆపు."

తలుపు గడియ మీద నా చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మరి నీ పెళ్ళాం?" అంది సియోనింగమ్మ.

"నాకు బడెట్ ఉంది అత్తయ్యా" అంది మరివిక్ చిన్నగా.

ఆవిడ నలుగుర్నీ వరసగా చూసింది.

"పై గదిలో మంచం నిండా చెప్పుల పెట్టెలు. వాటి మీద ఒక దిండు. ఈ పిల్లాడు ఎక్కడ పడుకుంటున్నాడురా దేవుడా అని అప్పట్నుంచీ నాకు ముద్ద దిగట్లేదు! మూడేళ్ళు నాకు అబద్ధం చెప్పారు. ఆ సంగతి తర్వాత చూస్తా, ఒక్కొక్కరి చెవులూ మెలేస్తా."

అప్పుడు చూశాను. ఆవిడ కంచం కూడా కదల్లేదు. అందులోని చేప తల ఇందాకటిలాగే కిటికీ వైపే ఉంది.

"ఇలా రా" అంటూ సియోనింగమ్మ నాకేసి కుడి చెయ్యి చాపింది.

సంచి కింద పడేసి, వంగి, ఆ చేతిని నుదుటికి ఆనించుకున్నాను. ఎండుచేపల వాసన వేసింది. ఏడుపొచ్చేసింది నాకు.

"ఏడుపు తర్వాత. చింతపండు పులుసు చల్లారిపోతోంది" అని, ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఇంక వదలరా ఆ కంచం!"

"వాణ్ణి కూర్చోనీ."

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాక గానీ ఆర్విన్ కంచం మీంచి చేతులు తియ్యలేదు.