మాత్రలో సగం

మందుమగ్గం మూడోసారి పిలిచింది. "జోషిత గారూ, ఈ పూట మీ మాత్ర సిద్ధంగా ఉంది."

మంచం మీంచి లేవబోయిన సహస్రమ్మకు కాళ్లు సహకరించలేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఈ రోజుల్లో కాకినాడలో జ్వరం అంటే ఎవరూ నమ్మరు. పొద్దున్నే వేలు పెడితే నెత్తురు చదివి, ఆ ఒంటికి ఆ పూట కావలసిన మాత్ర నేసిచ్చే మగ్గం ఇంటింటికీ వచ్చాక, జలుబుకు సెలవు పెట్టడం కూడా జనం మరిచిపోయారు. వైరస్ జొరబడిందంటే చాలు, అది తన నకళ్లు తీసుకునే పనికి అడ్డుపుల్ల వేసే మాత్ర మధ్యాహ్నం లోపే కడుపులో పడుతుంది.

కేన్సర్ సంగతి వేరు. వైరస్ బయటి దొంగ. కేన్సర్ కణం మన ఒంట్లో పుట్టిందే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాతకాలపు మందుకు దొంగెవరో దొరెవరో తెలిసేది కాదు. వేగంగా పెరిగే కణమల్లా దానికి దొంగే. జుట్టు కుదుళ్లు, నోటి పొర, పేగులు, నెత్తురు పుట్టే మూలుగ, అన్నీ దెబ్బలు తినేవి. మగ్గం నేసే మాత్రకు మాత్రం గుర్తుతొడుగు ఉంటుంది. కేన్సర్ కణం మీది గుర్తు తగిలితేనే ఆ తొడుగు విచ్చుకుని మందు బయటికొస్తుంది. మిగతా ఒంటికి ఏమీ తెలియదు.

ఈ వివరమంతా సహస్రమ్మ విన్నది. నమ్మలేదు. మందన్నాక బాధ పెట్టకుండా ఉంటుందా? చెల్లెలు జోషితకు రొమ్ము కేన్సర్ అని తేలిననాడే ఆమె ఒక నిశ్చయానికొచ్చింది. చిన్నప్పుడు జామకాయను కాకెంగిలి చేసినట్టే, కొంగు అడ్డంపెట్టి మాత్రను పంటితో రెండు చేసి, వంటింట్లోనే సగం తాను మింగి, మిగతా సగమే మాత్ర అన్నట్టు చెల్లెలికి ఇచ్చేది. తన వేలు మగ్గంలో పెట్టడం మాత్రం మానేసింది. పెడితే అది గుట్టు రట్టు చేస్తుంది కదా!

నెల తిరిగేసరికి నోరు పూసింది, చారు మెతుకులు కూడా మంటే. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. చెల్లెలు అడిగితే మొక్కు తీర్చుకున్నానని చెప్పి, కళ్లదాకా గుడ్డ చుట్టుకుంది. జోషిత నిక్షేపంలా తిరుగుతోంది. 'నా సగానికే ఇంత ఉంటే, మొత్తం దానిమీదే పడుంటే ఏమయ్యేదో తల్లీ' అనుకుని సహస్రమ్మ లోలోపల మురిసిపోయేది. పిచ్చి తల్లి! జోషిత నెత్తుట్లో మందు సగమే కనబడేసరికి మగ్గం మోతాదు పెంచుతూ పోయింది. మెంతిగింజంత మాత్ర శనగగింజంత అయింది. మగ్గం చేసిన మహానుభావులు అన్ని లెక్కలూ వేశారు గాని, ఇలాంటి అక్క ఒకతె ఉంటుందని అనుకోలేదు.

నాలుగో పిలుపుకి జోషితే వంటింట్లోకి నడిచింది. "పడుకో అక్కా, నేనే వేసుకుంటాలే."

పళ్లెంలో మాత్ర పడిన చప్పుడు వినబడింది. అప్పుడు తట్టింది సహస్రమ్మకు. అది ఇద్దరి మాత్ర. ఇప్పుడు జోషి ఒక్కతే మింగబోతోంది.

"మింగకే! జోషీ, మింగకే!" గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి గడపలో కూలబడింది. తలగుడ్డ జారిపోయింది.

జోషిత చేతిలో మాత్ర అలాగే ఉండిపోయింది. అక్క ముఖంలోకి చూసింది. "మొక్కుకి కనుబొమలు కూడా ఇస్తారా అక్కా?"

సహస్రమ్మ ఏడుస్తూ అంతా చెప్పేసింది.

అరగంటలో డాక్టర్ వెంకాయమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ల పిల్ల. ఆ తరానికి మళ్లీ పాత పేర్లంటేనే మోజు; సహస్రలూ జోషితలూ ముసలమ్మల్లోనే మిగిలారు. ఆమె సహస్రమ్మ వేలు మగ్గంలో పెట్టించి, అది చూపించింది చదివి తల పట్టుకుంది.

"మామ్మగారూ, ఈ మందు వెతికే గుర్తు మీ ఒంట్లో లేదండి. చోటు దొరక్క తిరిగి తిరిగి, తొడుగు అరిగి, ఎక్కడపడితే అక్కడ విచ్చుకుంది. తెల్లకణాలు పడిపోయాయి, అందుకే జ్వరం. ఇప్పుడే ఆస్పత్రిలో చేరాలి. పది రోజుల్లో మూలుగ తేరుకుంటుంది లెండి."

"నా సంగతి సరేనమ్మా, దానికో?"

"ఆవిడ గడ్డ సగానికి కరిగిందండి. ఇవాళ్టి మాత్ర మొత్తం మింగుంటే మాత్రం, పట్టే చోటు చాలక మీకైనట్టే అయ్యేది. అయినా ఆవిడ పడని బాధని మీరు పంచుకున్నదేంటండీ!"

డాక్టరు బండి పిలవడానికి బయటికెళ్లింది. జోషిత తడిగుడ్డతో అక్క నుదురు తుడుస్తూ, కోపం పట్టలేక ఏడ్చేసింది. "నాకేం బాధ లేదు, బానే ఉన్నానని రోజూ చెప్పాను కదక్కా! ఒక్కరోజైనా నమ్మలేదా?"

సహస్రమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"అమ్మ కూడా అలాగే చెప్పిందే, ఆ పాత మందు ఎక్కిస్తున్నన్నాళ్లూ. నీకప్పుడు నాలుగేళ్లు, గుర్తుండదు. నాకేం బాధ లేదమ్మా, బానే ఉన్నాను అంది. నేను నమ్మేసి, ఆడుకోడానికి వెళ్లిపోయాను."