పసుపు కాని మరక

తిరుచానూరు లాడ్జిలో 207వ గది తలుపు మునిశేఖర్ తీసేసరికే ఏజెంట్ దయానంద్ చనిపోయి ఉన్నాడు. మెడ చుట్టూ సన్నటి వైరు. ఆఖరుగా మునిశేఖర్‌కి అతను పంపిన మెసేజ్ మూడే ముక్కలు: "అది పసుపు గాదు."

చీఫ్ శేషసాయి ఫోన్లో బ్రీఫింగ్ ఇచ్చాడు.

"సాయంత్రం ఐదుకి శ్రీహరికోటలో లాంచ్. దొంగ సిగ్నల్‌తో రాకెట్‌ని గాల్లోనే పేల్చాలని విదేశీ ముఠా ప్లాన్. ట్రాన్స్‌మిటర్ రెడీ, అందులో సర్క్యూట్ బోర్డొకటే తక్కువ. ఫ్యాక్టరీకి ఆర్డరిస్తే దొరికిపోతారని ఆ లాడ్జిలోనే ఏదో గదిలో చేస్తున్నారు. రెండున్నరకి బోర్డు కారెక్కిందా, ఇక అంతే. స్క్వాడ్ యాత్రికుల రద్దీలో ఇరుక్కుంది. అంతదాకా నువ్వొక్కడివే."

రూములిప్పించే బ్రోకరు వేషంలో ఉన్నాడు మునిశేఖర్. నోట్లో తాంబూలం, జేబులో సున్నం డబ్బీ. దయానంద్ అతనికి ఆరేళ్ల స్నేహితుడు. ఏడవాలని ఉంది, టైము లేదు.

కోడ్‌వర్డ్ పంపగానే, ఒంటిగంటా నలభైకి నాగవేణి వచ్చింది. ముఠాలో మన ఇన్‌ఫార్మర్. మెరూన్ పట్టుచీర, జడనిండా మల్లెలు. శవాన్ని చూసి కళ్లొత్తుకుంది. ఆ వేళ్లు పచ్చగా ఉన్నాయి.

"బోర్డు చేసే గది యాడుండాది?"

"నాకు తెలీదన్నా." వాచీ చూసుకుంది. "పది నిమిషాల్లో వస్తా. దర్శనం టోకెనుండాది."

"చేతికేమైంది?"

"పసుపన్నా. పొద్దున పూజ చేసినా."

మునిశేఖర్ ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్ల మీద ఇంత సున్నం రాశాడు. ఎర్రబడలేదు. తుప్పు రంగుకి తిరిగింది.

"పసుపైతే సున్నానికి ఎర్రబడాల గదమ్మా. దిష్టినీళ్లు ఎప్పుడూ కలపలేదా నువ్వు?"

తుపాకీ తీసి తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు. బోర్డుల సంగతి దయానంద్ ఒకసారి వివరంగా చెప్పాడు. రాగి రేకు మీద ఇంకుతో గీతలు అచ్చేసి, వేడి ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేస్తారు. ఇరవై నిమిషాల్లో గీతల కింది రాగి తప్ప మిగతాదంతా కరిగిపోతుంది. అప్పుడు తియ్యాలి. తియ్యకపోతే ఆ గీతలు కూడా అంచుల నుంచి కరిగిపోతాయి. ఆ ద్రావణం పచ్చటి మరక మాత్రం చేతికి రోజుల తరబడి వదలదు.

అంటే బోర్డు ఇప్పుడు ఎక్కడో ట్రేలో ఉంది. తియ్యాల్సిన చేతులు ఇక్కడున్నాయి.

రెండైంది. నాగవేణి ముందు నవ్వింది, తర్వాత డాలర్లు ఆశ చూపింది, ఆ తర్వాత తిట్టింది. మునిశేఖర్ కదల్లేదు.

"పొద్దున వాడు గూడా ఇట్లే నా చెయ్యి పట్టుకున్నాడు," అంది చివరికి.

ట్రిగ్గర్ మీద అతని వేలు బిగిసింది. కాల్చెయ్యాలనిపించింది. కాల్చలేదు.

రెండూ ఇరవై తొమ్మిదికి స్క్వాడ్ వచ్చి కింద కారుని చుట్టుముట్టింది. గదులన్నీ వెతికితే 211 బాత్రూంలో ప్లాస్టిక్ ట్రే దొరికింది. మునిశేఖర్ వట్టి చేత్తోనే బోర్డు పైకి తీశాడు. ఒక్క గీత మిగల్లేదు.

ఐదింటికి రాకెట్ సజావుగా ఎగిరింది.

"ఎలా ఆపావయ్యా?" అన్నాడు శేషసాయి.

"ఊరికే కూర్చున్నా సార్."

మర్నాడు సమాధి దగ్గర దయానంద్ భార్య రూతు అతని చేతుల వంక చూసింది.

"పసుపేందన్నా, చేతినిండా?"

మునిశేఖర్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అది పసుపు గాదమ్మా. నీ మొగుడే చెప్పినాడు."