ఉప్పునీటి ఒప్పందం

గొట్టం ఒక చివర బందరు రేవులో, సముద్రంలో ఉంది. రెండో చివర కింద పెట్టిన గ్లాసు నిమిషంలో నిండింది. వెర్దాన్ దేశపు ఇంజనీరు ఓరెన్ ఆ నీళ్లు గటగటా తాగి, "ఉప్పు లేదు," అన్నాడు వచ్చీరాని తెలుగులో.

గొట్టం మధ్యలో బిగించిన యంత్రంలో ఉన్నదల్లా మెంబ్రేన్ అనే పొర. ఉల్లిపొర కన్నా పల్చన. నీటి అణువుల్ని పోనిచ్చి ఉప్పును ఆపేస్తుంది. కరెంటు ఒక ఫ్యాను తిరిగేటంత చాలు. దాన్ని తయారుచెయ్యడం వెర్దాన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. అక్కడ ఇరవై రెండేళ్లుగా ఒకడే నాయకుడు. ఆయన అన్నదాన్ని జడ్జీలు తీర్పుగా చదువుతారు.

బందరు బావులన్నీ ఉప్పుబడ్డాయి. ఒప్పందం రాసే పని నగరపాలక సంస్థ లాయరు అలివేలుది. తగాదాలన్నీ తమ రాజధాని కోర్టులోనే తేలాలన్నారు వెర్దాన్ వాళ్లు.

"సంతకం పెట్టేద్దామమ్మా. జనం ట్యాంకర్ల దగ్గర కొట్టుకుంటున్నారు," అన్నాడు మేయరు సూరపరాజు.

"కొందామండీ, వద్దనడం లేదు. కానీ ఈ యంత్రం దగ్గర ఏ మనిషికి అన్యాయం జరిగినా మన కోర్టే వినాలి. రేపు వాళ్లు నీళ్లు ఆపేస్తే ఎవరితో చెప్పుకుంటాం?"

బేరం మూడు నెలలు సాగింది. ఖాళీ బిందెలతో ఆడవాళ్లు ఆమె ఇంటి ముందు కూర్చున్నారు. వాళ్లలో సొంత ఆడపడుచు కూడా ఉంది. ఆ రోజు అలివేలుకు అన్నం సయించలేదు. షరతు మాత్రం తియ్యలేదు. తమ ఓడలకు బందరు రేవు అవసరం ఉండి, చివరికి వెర్దానే దిగివచ్చింది.

నీళ్లొచ్చాయి. ఏడాదికి ఆ షరతు కింద మొదటి అర్జీ పడింది. వేసింది ఓరెన్. పొరలు రెండేళ్లకే చిల్లులు పడతాయని రిపోర్టులో నిజం రాసినందుకు అతన్ని వెర్దాన్ వెనక్కి రమ్మంది. వెళ్తే జైలే.

"మీ వాళ్ల కోసం రాసుకున్నారు మేడం. నాకు పనికొస్తుందా?"

"ఏ మనిషికైనా అని రాశానండీ."

అతన్ని వెనక్కి పంపకుండా జడ్జి స్టే ఇచ్చారు. రిపోర్టు మీద సంతకాలు చేసిన తక్కిన తొమ్మిదిమంది ఇంజనీర్లూ అదే దారి పట్టారు. రెండేళ్లు కష్టపడి, చిల్లుపడని పొరను బందరులోనే తయారుచేశారు.

ఆ పొరల కోసం వెర్దాన్ నుంచే ఆర్డరు వచ్చింది. తగాదా వస్తే బందరు కోర్టుకే వెళ్దామని వాళ్లే రాసి పంపారు. అలివేలు ఆశ్చర్యపోయి ఫోన్ చేసింది.

"మా కోర్టును మీరెలాగూ నమ్మరు కదండీ," అన్నాడు అక్కడి అధికారి. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "కొనేటప్పుడు మేమూ నమ్మం."