చెక్కకు మిగిలిన వేళ్ళు

గాజు గదిలో చెక్క ముక్క వేలాడుతోంది. దాని మీద ఉండాల్సిన మొక్క లేదు.

ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చేసరికి ఉదయం తొమ్మిదయింది. వేరే కేసులో తెల్లవార్లూ తిరగడంతో కళ్ళు మండుతున్నాయి. ఈ వయసులో మొక్కల దొంగల వెంట పడమని రాసిపెట్టి ఉంది కాబోలు అనుకున్నాడు.

"ఎంతుంటుంది ఆ మొక్క?"

"బొటనవేలంత," అన్నాడు ఉద్యానవనం డైరెక్టర్. "చిన్న ఆర్కిడ్. మట్టి అక్కర్లేదు. కొమ్మని కరుచుకుని గాలిలో తేమ తాగి బతుకుతుంది. అది పెరిగే అడవి రిజర్వాయర్ కింద మునిగిపోయింది. మాకు తెలిసి మిగిలింది ఇదొక్కటే."

"తాళం పగలగొట్టారా?"

"లేదు. మొక్క రాత్రే పోయింది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది, అందుకే అతన్ని సస్పెండ్ చేశాను. పొద్దున్నే మీవాళ్ళు అతని ఇల్లు కూడా వెతికారు."

"ఇంకో తాళంచెవి?"

"మొక్కని పెంచే మేడమ్ దగ్గరుంది. ఆవిడ ఆపరేషనై, ఆస్పత్రి నుంచి నిన్ననే ఇంటికొచ్చారు."

వాచ్‌మన్ తలుపు పక్కన నిలబడ్డాడు. ఒంటి మీద యూనిఫాం లేదు.

"ఆవిడ లేనప్పుడు నీళ్ళెవరు పట్టేవారు?"

"మేడమ్‌గారి ఆయన సార్, లెక్కల మాస్టారు. పాపం, రోజూ వచ్చేవారు. ఆయన్ని అనుమానిస్తే కళ్ళు పోతాయి."

అంతలో పైన పైపులు బుసకొట్టాయి. సన్నటి తుంపర మొదలైంది. ఇన్‌స్పెక్టర్ కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. పక్క చెక్కల మీద ఆర్కిడ్ల వేళ్ళు తెల్లగా ఉన్నవల్లా, తడవగానే ఆకుపచ్చగా మారాయి. ఖాళీ చెక్కకు మిగిలిన తెగిన వేళ్ళు మాత్రం గోధుమరంగులోనే ఉన్నాయి. ఒకదాన్ని నొక్కాడు. తొక్క జారి చేతికంటుకుంది. లోపల దారంలాంటి పోగు మిగిలింది.

"మేడమ్‌నీ మాస్టారునీ పిలిపించండి," అన్నాడు.

మధ్యాహ్నం ఆవిడ భర్త భుజం పట్టుకుని నెమ్మదిగా వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ స్టూలు మీద కూలబడ్డాడు. నిలబడే ఓపిక లేదు.

"రాత్రి కోసిన మొక్క వేళ్ళు ఒక్కరోజులో ఇంతలా కుళ్ళవు. అంటే దొంగ చేతికి చిక్కేనాటికే అది చచ్చిపోయింది. చచ్చిన మొక్క ఎవరికి కావాలి? చచ్చిందన్న సంగతి దాచాలనుకున్నవాళ్ళకే. అంతేనా మాస్టారూ?"

మాస్టారి చూపు భార్య మీదే ఉంది.

"వాడుతోందని ఇంకాస్త నీళ్ళు పోశాను. ఇంకా వాడింది. మళ్ళీ పోశాను. నువ్వు ఆస్పత్రి మంచం మీద కూడా దాని గురించే అడిగేదానివి. ఎవరో ఎత్తుకెళ్ళారంటే ఎక్కడో బతికుందని అయినా అనుకుంటావుగా. నా చేతుల్లోనే పోయిందని ఎలా చెప్పను?"

"డైరెక్టర్‌గారు పంపిన ఫోటోలో వేళ్ళు చూడగానే తెలిసింది," అందావిడ. "మీరే చెప్తారని పొద్దున్నించీ చూస్తున్నాను. వాచ్‌మన్ ఇంటికి పోలీసులు వెళ్ళారని తెలిశాకైనా చెప్తారనుకున్నాను. నేనూ నోరు విప్పలేదు. నాదీ తప్పే."

ఆమె ఖాళీ చెక్కని ఒకసారి తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడవలేదు. ఏడవడానికి కూడా సత్తువ ఉన్నట్టు లేదు.

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "సస్పెన్షన్ రద్దు చేస్తాను."

మాస్టారు వాచ్‌మన్ వైపు తిరిగి చేతులు జోడించాడు. వాచ్‌మన్ ఆ చేతులు పట్టుకోలేదు, తోసెయ్యలేదు.

"పొద్దున వీధంతా గుమిగూడి చూసింది మాస్టారూ. మా ఆవిడ తలుపేసుకుని కూర్చుంది. ఈ మాటేదో అక్కడికొచ్చి చెప్పండి."

"వస్తాను. ఇప్పుడే వస్తాను."

"నేనూ వస్తాను," అంది ఆవిడ.

ఇన్‌స్పెక్టర్ లేచాడు. "మీరు నడవలేరమ్మా. జీపెక్కండి."

"జీపు వద్దు సార్," అన్నాడు వాచ్‌మన్. "మా ఇంటి ముందు ఇంకోసారి అది ఆగకూడదు."

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ కూర్చున్నాడు. మాస్టారు భార్యని ఒకవైపు పట్టుకున్నాడు. వాచ్‌మన్ కాసేపు ఊరకే చూసి, రెండోవైపు చెయ్యి అందించాడు. ముగ్గురూ గేటు దాటడానికి చాలాసేపు పట్టింది.