గులాబీ పువ్వుకి కనిపించని ఫోటో

టైలరమ్మ వచ్చి కూర్చోగానే డిటెక్టివ్ డేగ ఆఫీసులో ఫ్యాను కూడా జాలితో ఆగిపోయిందని అతని అసిస్టెంటు తోక ఒట్టేసి చెబుతాడు. తోక మాటల్లో పావలా వంతు నమ్మితే చాలు. ఎప్పుడూ డేగ వెనకాలే తిరుగుతాడని వీధి అతనికి ఆ పేరు పెట్టింది. అతను దాన్ని బిరుదులా మోస్తాడు.

ఆవిడ ఫోను ముందుకు జరిపింది. సోషల్ మీడియాలో ఎవరో పెట్టిన పోస్టు: సోఫాలో నిద్రపోతున్న ఆవిడ ఫోటో. తలమీద ఒక్క వెంట్రుక లేదు. కింద, 'ఈ సోదరి కోసం ప్రార్థించండి.' పెట్టినవాళ్ళ పేరు లేదు. ముప్పై వేలమంది ప్రార్థించేశారు.

"క్యాన్సర్ మందులకి ఊడిపోయింది సార్. మా అమ్మది గుండెజబ్బు, తెలిస్తే తట్టుకోలేదు. విగ్గుతో నెట్టుకొస్తున్నా. ఇప్పుడు కొలతలివ్వడానికొచ్చిన ప్రతి మనిషీ నా తలే చూస్తోంది."

"విగ్గు లేకుండా మిమ్మల్ని చూసిందెవరు?"

"మా ఆయన, మా అక్క. అక్క నన్ను కన్నకూతురిలా చూసుకుంటుంది. అందుకే ఆయన్ని ఇంట్లోంచి పొమ్మన్నాను. ఆయన కాదని తేలితే కాళ్ళు పట్టుకునైనా తెచ్చుకుంటా సార్. ఆయనే అయితే..."

తల్లి ఉండేది ఆ అక్క ఇంట్లోనే. డేగ ఫోన్లు బాగుచేసేవాడిలా వెళ్ళాడు. తోక స్క్రూడ్రైవరు పట్టుకుని ముగ్గురు ఇంజినీర్లంత గంభీరంగా నిలబడ్డాడు.

"చూస్కో నాయనా, దాచేదేముంది," అంటూ పెద్దావిడ ఫోనిచ్చింది. "నా ఎకౌంటుకి పేరు లేదు, గులాబీ పువ్వు బొమ్మే. మా పెద్దది తెరిచిచ్చింది. చిన్నల్లుడికి మాత్రం చెప్పకు. అత్తగారు ఇవన్నీ చూస్తుందని తెలిస్తే ఏం బావుంటుంది?"

బయటికొచ్చాక తోక గొణిగాడు. "సార్, ఆ ఫోటో నా ఫోన్లో ఉంది, ఇస్త్రీ ఆయన ఫోన్లోనూ ఉంది. ఈవిడ దాంట్లో ఎంత వెతికినా రాలేదు."

"కేసంతా అదేరా," అన్నాడు డేగ.

సాయంత్రం ఆ ఇంటి హాల్లోనే టైలరమ్మనీ, ఆవిడ భర్తనీ, అక్కనీ పిలిచి కూర్చోబెట్టాడు. తల్లి లోపల పడుకుని ఉంది.

"లోకమంతటికీ తెరిచిన ఫోటోని ఒక్క గులాబీ పువ్వుకి మూసేశారు," అన్నాడు డేగ గొంతు తగ్గించి. "పగతో పెట్టినవాడికి అమ్మ గుండె గురించి పట్టదు. పైగా ఆ పువ్వు ఎవరో తెలియాలి. అల్లుడుగారూ, మీ అత్తగారికి ఎకౌంటుందా?"

"ఆవిడకా? ఫోనెత్తడమే రాదనుకున్నానే!"

"అది తెరిచిచ్చిన మనిషికి తెలుసు. కదమ్మా?"

అక్క కుప్పకూలింది. "డాక్టరు ఇక తన చేతుల్లో లేదన్నాడే. వేలమంది అడిగితే దేవుడు ఒక్కసారైనా వింటాడేమోనని..."

"నాతో అనలేదేం డాక్టరు?" అంది టైలరమ్మ.

"నీకు చెప్పొద్దని మేమే బతిమాలాం."

మేమే. టైలరమ్మ భర్త వైపు తిరిగింది. అతను తల వంచుకున్నాడు.

"ఫోటో పెట్టేముందైనా నన్నొక్క మాట అడగాల్సింది కదక్కా."

"నిన్నడగడమేంటే? నువ్వు నాదానివి."

టైలరమ్మ లేచింది. అక్కకి చెంపదెబ్బ పడుతుందని తోక అనుకున్నాడు. ఆవిడ వెళ్ళి భర్త చొక్కా పట్టుకుని, అతని భుజంలో ముఖం దాచుకుంది. వెక్కిళ్ళు ఆగలేదు.

"ఏంటర్రా ఆ చప్పుడు?" లోపలి నుంచి తల్లి.

"ఏం లేదమ్మా," అంది టైలరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "అక్క జోకేసింది, నవ్వాగట్లేదు."

తల్లి నమ్మాలి కదా. అందరూ నవ్వారు. తోక అందరికంటే గట్టిగా నవ్వాడు.