ఫౌల్ పట్టే దెయ్యం

నల్లగండ్ల దిక్కు ఫాదర్లు పెట్టిన చిన్న కాలేజీ ఒకటుంది. దాని లాంగ్ జంప్ గుంతకు మాత్రం పేరు మంచిది కాదు. చుట్టూ అద్దాల మేడలు రాత్రంతా వెలుగుతనే ఉంటయి. ఆ వెలుగు గ్రౌండంతా పడ్తది, ఒక్క ఆ గుంత మీద తప్ప… అక్కడ వాటర్ ట్యాంకు నీడ.

ఆ నీడల ఎవరో సణుగుతరని వాచ్‌మన్ మొగిలి అందరికీ చెప్పిండు. కాలేజీ పెట్టిన పెద్ద ఫాదరేనట. చచ్చినా పీటీ పీరియడ్ వదల్లేదట. అందుకే మొగిలి తొమ్మిదింటికే చెవులకు మఫ్లర్ చుట్టుకొని గేటు కాడ కూలబడ్తడు. కాపలా అంటే గదే.

హర్షిణికి ఇదంతా ఎరుకే. భయం కూడా ఉంది. కానీ పొద్దున యూనివర్సిటీ టీం సెలక్షన్లు, ఆమెకిది ఆఖరి సంవత్సరం. పోయినసారి మూడు జంపులూ ఫౌల్ — మూడుసార్లూ దునికే కాడి చెక్క దాటి కాలేసింది. ఈసారి కూడా గట్లనే అయితే ఇగ దునుకుడే ఉండదు, ఎదురుంగ ఉన్న మేడల్ల మెడకు ఐడీ కార్డు వేసుకొని కూసునుడే. పగలంతా గ్రౌండ్ క్రికెట్ పోరగాళ్లది. అందుకే వార్డెన్ పడుకున్నంక హాస్టల్ వెనక తలుపు మెల్లగ తీసుకొని వచ్చింది.

ఉరికింది… దునికింది… ఇసుకల పడ్డది.

"ఫౌల్."

గుసగుస. ఎటు నుంచో తెల్వదు. హర్షిణికి పై ప్రాణాలు పైనే పోయినయి. ఫోన్ లైటు వేసి చూస్తే — చెక్క అవతల మట్టిల నిజంగనే షూ ముద్ర, రెండు వేళ్ల మందం.

భయం ఎంతయిందో కోపం కూడా అంతే అయింది. దెయ్యమన్నంక భయపెట్టాలె గానీ తప్పులు పట్టుడేంది? అడుగు వెనక్కి జరిగి మళ్ల ఉరికింది.

"ఫౌల్."

మూడోసారి కూడా అదే మాట. దాని ఎనకనే ఇంకోటి…

"తొందరెందుకమ్మాయ్?"

కాళ్లు హాస్టల్ దిక్కు తిరిగినయి. కానీ రేపు అందరి ముంగట ఇదే మాట వినాల్నా? ఏడుపొచ్చింది. కండ్లు తుడుచుకొని, ఉరికే కాడి గుర్తును ఇంకో జానెడు వెనక్కి జరిపింది. నిమ్మళంగ ఉరికింది. దునికింది.

చప్పుడు లేదు.

ఒక నిమిషం… రెండు… ఆ గొంతు వినబడ్డప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయమైంది.

ట్యాంకు పక్కన ఒక పాత గది ఉంది. తాళం వేసి ఉంటదని అందరి లెక్క. దాని కిటికీ తెరిచి ఉంది. లైటు అటు తిప్పింది… తెల్ల ముసుగు. తెల్లబడ్డ కనుగుడ్లు. చేతిల జపమాల.

కెవ్వుమనబోయి నోరు మూసుకుంది.

"నాకు లైటెందుకమ్మా, చూపే లేదు" అన్నదా ముసలామె. "సిస్టర్ ఫిలోమినాని. చావడానికి ఇంకా టైముంది."

ఒకప్పుడు ఆటల టీచరట. రిటైరై చాన ఏండ్లాయెనట, మొన్నీమధ్యనే ఆ గదిలకు తెచ్చిన్రట. నిద్రపట్టక రాత్రంతా జపం చేసుకుంటది, మొగిలి విన్న సణుగుడు అదే. ఇయ్యాల నడుమ నడుమ మరియమ్మను జర ఆగమని ఫౌల్ చెప్పిందన్నమాట.

చూడకుండ ఎట్ల చెప్పినవని అడిగింది హర్షిణి. చెక్క మీద పడే కాలు ఒక తీరు మోగుతది, దాటి మట్టిల పడేది ఇంకో తీరట. నలభై ఏండ్లు విన్న చెవులాయె.

"మరి ఆఖరుదానికి… ఏమీ అనలేదు సిస్టర్?"

"సరిగ్గా దూకినదానికి నేనేమంటాను? పోయి పడుకో."